కొత్త బండిలో చప్పుడు ఎక్కడిది?

మీరు రైల్లో ప్రయాణం చేసేటప్పుడు చక్రాల కింద నుంచి క్రమంగా వచ్చే టకటక శబ్దాన్ని వినే ఉంటారు. పట్టాలను పొడవుగా వెల్డింగు చేసి కలిపిన మార్గాల్లో ఇప్పుడది దాదాపు వినిపించదు. విడి ముక్కలను అతికి వేసిన పాత పద్ధతి మార్గాల్లో ఒక్కో పట్టా పొడవు 13 మీటర్లు. అతుకు దాటిన ప్రతిసారీ వచ్చే చప్పుడును ఒకటిగా లెక్కపెట్టండి. 47 సెకన్లలో ఎన్ని లెక్కకు వస్తే, బండి గంటకు సుమారు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే రైలు 47 సెకన్లలో దాదాపు 783 మీటర్లు పోతుంది. దాన్ని 13తో భాగిస్తే 60 వస్తుంది. అంటే చప్పుడు కూడా ఒక కొలమానమే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వాసులకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అది రైలు చుట్టూ పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర జిల్లాల వారు అక్కడికి వలస వెళ్ళారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ ఊరు ప్రధాన కేంద్రమైంది. నేటికీ బుధవారీ బజారులో కూరగాయలు బేరమాడే తెలుగు మాటలు చెవిన పడతాయి. ఆ బజారుకు సరుకు చేర్చే ఒక తెలుగు యువకుడికి ఎదురైన సమస్యే ఈనాటి మన పాఠం.

అతను అప్పు చేసి కొత్త పికప్ బండి కొన్నాడు. రెండు వారాలు తిరిగేసరికి వెనక వైపు నుంచి "ఠంగ్" మని చప్పుడు మొదలైంది. సర్వీసు కేంద్రానికి మూడుసార్లు తీసుకువెళ్ళాడు. వాళ్ళు బండిని అయిదు నిమిషాలు నడిపి చూశారు. చప్పుడు రాలేదు. "కొత్త బండి కదా, తిరిగితే అదే సర్దుకుంటుంది" అన్నారు. "మాస్టారూ, వాళ్ళ దగ్గరికి వెళ్ళగానే బండి నోరు మూసుకుంటోందండీ. నేనే అబద్ధమాడుతున్నట్టు చూస్తున్నారు" అని అతను నాతో వాపోయాడు. వాయిదాలు కట్టాల్సిన బండిని రోజుల తరబడి నిలబెట్టలేడు. అలాగని భయం భయంగా నడపనూ లేడు.

ఇలాంటి సందర్భంలో మనం చేసే మొదటి పొరపాటు చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చెవితో తేల్చేయడం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది. ఇరుసు దగ్గర పుట్టిన కంపనం చాసిస్ గుండా పాకి, క్యాబిన్ వెనక రేకును వణికిస్తుంది. మనకు ఆ రేకే మోగినట్లు అనిపిస్తుంది. వీణ తీగ సన్నగానే కంపించినా, శబ్దం కుండ నుంచి వచ్చినట్లు వినిపించడం లేదూ? కాబట్టి "ఎక్కడ?" అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. "దేనితో జత కట్టి వస్తోంది?" అని అడగండి.

మొదటి పరీక్ష. బండిని చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి ఇంజను వేగం నెమ్మదిగా పెంచండి. నిలబడి ఉండగానే చప్పుడు వస్తే చక్రాలకు దానితో సంబంధం లేదు. ఏదో ఒక్క వేగం దగ్గరే గరగరమని, అది దాటగానే ఆగిపోతే అది అనునాదం. ఊయలను దాని లయకు సరిగ్గా తోస్తే ఎలా ఎత్తుకు లేస్తుందో, సైలెన్సర్ మీది పలుచని రేకు కూడా తన సహజ పౌనఃపున్యం కలిసిన చోట అలా ఊగుతుంది. అక్కడ ఒక బిగింపు వదులైందేమో చూడమనండి.

రెండో పరీక్ష. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో ఒకసారి మూడో గేరులో, మరోసారి నాలుగో గేరులో నడపండి. చప్పుడు తీరు మారితే ఇంజను వైపు, మారకపోతే గేరుబాక్సు తరువాత తిరిగే భాగాల వైపు అనుమానించాలి. ఇక్కడ లెక్క సాయపడుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు రెండున్నర చుట్లకు కాస్త ఎక్కువ తిరుగుతుంది. పది సెకన్లలో 26 "టక్"లు వినపడితే చక్రంతో తిరిగేదేదో తగులుతోంది. టైరు గాడిలో ఇరుక్కున్న రాయి కూడా కావచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు చక్రం కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. దాని చప్పుడు లెక్కకు అందదు, ఒక వణుకులా తెలుస్తుంది. ఇక వేగంతో పాటు పెరిగే "హూఁ" అనే శబ్దం నున్నటి రోడ్డు మీద తగ్గిపోతే టైరుది. ఏ రోడ్డయినా మారకుండా, ఎడమ మలుపులో మాత్రం పెరిగితే కుడి చక్రం బేరింగును పరీక్షించాలి. ఎందుకంటే ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది.

మన యువకుడి బండి ఈ రెండు పరీక్షలకూ లొంగలేదు. నిలబడినప్పుడు చప్పుడు లేదు. సాఫీగా పోతున్నప్పుడూ లేదు. అందుకని అతని చేత ఒక చిన్న పుస్తకంలో నాలుగు విషయాలు రాయించాను. ఎంత బరువు ఉంది? ఏం చేస్తుండగా వచ్చింది? ఒక్కసారా, పదేపదేనా? రోడ్డు ఎలాంటిది? వారం తిరిగేసరికి పుస్తకమే జవాబు చెప్పింది. చప్పుడు నిండు బరువుతో ఉన్నప్పుడే వస్తోంది. బండి కదిలేటప్పుడు ఒకసారి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒకసారి, అంతే. సర్వీసు కేంద్రంలో ఎప్పుడూ ఖాళీ బండినే నడిపి చూశారు! అక్కడ అబద్ధం ఆడినవారెవరూ లేరు. పరీక్ష జరిపిన పరిస్థితే వేరు.

నాలుగోసారి సరుకుతోనే వెళ్ళాడు, పుస్తకం చూపించాడు. బండి కదలగానే మెకానిక్ కూడా విన్నాడు. ఇరుసును కమాన్ కట్టలకు పట్టి ఉంచే యూ బోల్టుల నట్లు వదులయ్యాయి. బండి కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ ఇరుసు మెలి తిరగాలని చూస్తుంది. బరువు ఎక్కువైతే ఆ మెలి కూడా ఎక్కువ. పట్టు చాలకపోతే ఇరుసు పీఠం మీద జరిగి "ఠంగ్" మంటుంది.

కొత్త బండిలో నట్లు ఎందుకు వదులవుతాయి? బిగించిన బోల్టు నిజానికి సాగదీసిన స్ప్రింగు. 200 మిల్లీమీటర్ల ఉక్కు బోల్టును గట్టిగా బిగిస్తే అది సాగేది మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులే. ఆ కాస్త సాగుడే దాని పట్టు. కొత్త కమాన్ కట్టల మధ్య రంగు పూతలు, సన్నని గరుకులు ఉంటాయి. ఒక్కో పూత మందమే మిల్లీమీటరులో పదో వంతుకు దగ్గరగా ఉండవచ్చు. బరువు పడ్డాక అవి నలిగి కట్టలు దగ్గరకు సర్దుకుంటాయి. నట్టు ఒక్క చుట్టు కూడా తిరగకుండానే బోల్టు సాగుడు తగ్గుతుంది, పట్టు సడలుతుంది. కొంతదూరం తిరిగాక యూ బోల్టులను, చక్రాల నట్లను మళ్ళీ బిగించమని తయారీదారులు చెప్పేది ఇందుకే. ఎంత బిగించాలో పుస్తకంలో అంకె ఉంటుంది. దాన్ని టార్క్ రెంచితో కొలిచి బిగించాలి.

"తిరిగితే సర్దుకుంటుంది" అన్న మాట సగమే నిజమని ఇప్పుడు మీకు తెలిసింది. సర్దుకున్నవి కట్టలు. సడలింది పట్టు. అలాగే వదిలేస్తే కట్టల నడిమి బోల్టు తెగి, ఇరుసు పక్కకు జరగవచ్చు. నిండు బరువుతో పోయే బండికి అది ప్రాణాపాయం.

ఒక హెచ్చరిక. జాకీ మీద లేపిన బండి కిందికి ఎన్నడూ దూరకండి. తిరిగే షాఫ్టు దగ్గరకు చెయ్యి పోనివ్వకండి. చప్పుడుతో పాటు స్టీరింగు వణికినా, బ్రేకు తేడా చేసినా, చక్రం ఊగినట్లనిపించినా పరీక్షలు మానండి. బండి ఆపి మెకానిక్‌ను పిలవండి. వారంటీ కాలంలో ప్రతి ఫిర్యాదునూ జాబ్ కార్డు మీద రాయించి నకలు తీసుకోండి. నోటి మాటకు సాక్ష్యం ఉండదు.

బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళలో కీమ్యాన్ అనే ఉద్యోగి సుత్తీ, రెంచీ పట్టుకుని తన వంతు పట్టాల వెంట రోజూ నడుస్తాడు. నిన్న బిగించిన బోల్టే కదా అని ఇవాళ వదిలెయ్యడు. ఇనుము బరువు మోసే ప్రతి చోటా పట్టు సడలుతుందని రైల్వేకు తెలుసు. మీ కొత్త బండికి ఆ కీమ్యాన్ మీరే.