లాగిన్ తెర ఎవరి మాట వింటుంది?

లినక్స్ కంప్యూటర్‌లో వాల్‌పేపర్ మార్చడం, అక్షరాలు పెద్దవి చేయడం, మెనూలను తెలుగులోకి తెచ్చుకోవడం నిమిషాల పని. కానీ కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే, పాస్‌వర్డ్ అడిగే మొదటి తెర చాలాసార్లు పాత రూపంలోనే ఎదురవుతుంది. మరి చేసిన మార్పులు ఏమయ్యాయి?

అవన్నీ ఆ వినియోగదారు ఖాతాలో భద్రంగానే ఉన్నాయి. లాగిన్ తెర కనిపించే సమయానికి కంప్యూటర్‌లోకి ఇంకా ఎవరూ ప్రవేశించలేదు. అందుకే ఎవరి సొంత అమరికలూ దానికి వర్తించవు.

గుమ్మం దగ్గరి ప్రోగ్రామ్

ఈ తెరను చూపేది డిస్‌ప్లే మేనేజర్ అనే ప్రత్యేక ప్రోగ్రామ్. 1988లో ఎక్స్ విండో సిస్టమ్‌తో పాటు వచ్చిన ఎక్స్‌డీఎం ఈ కోవలో తొలితరానిది. ఇప్పుడు గ్నోమ్ డెస్క్‌టాప్‌తో జీడీఎం, కేడీఈతో ఎస్‌డీడీఎం ఎక్కువగా కనిపిస్తాయి. లైట్‌డీఎం కూడా వాడుకలో ఉంది. ఉబుంటు 2011లో లైట్‌డీఎంకు మారి, 2017లో తిరిగి జీడీఎంకు వచ్చింది.

లాగిన్ తెర సాధారణంగా తనకంటూ కేటాయించిన, చాలా తక్కువ అధికారాలున్న ఖాతాలో నడుస్తుంది. పేరు, పాస్‌వర్డ్ తీసుకుని లోపలికి అందించడమే దాని పని. పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చేది పామ్ అనే మరో వ్యవస్థ.

చాలామందికి ఎదురయ్యే ఒక చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తమ పిక్చర్స్ ఫోల్డర్‌లోని ఫొటోను లాగిన్ తెరకు నేపథ్యంగా పెడితే, ఫొటోకు బదులు ఖాళీ రంగు కనిపిస్తుంది. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా సృష్టించే ఖాతాల హోమ్ ఫోల్డర్లను ఇతర ఖాతాలు చదవలేవు. లాగిన్ తెర కూడా అలాంటి ‘ఇతర’ ఖాతానే. ఫొటోను అందరూ చదవగలిగే సిస్టమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే సమస్య తీరుతుంది.

అందం కన్నా ముఖ్యమైనవి

నేపథ్యం మారకపోతే పెద్ద నష్టం లేదు. కీబోర్డు అమరిక తప్పితే మాత్రం లోపలికి వెళ్లడమే కుదరదు. లాగిన్ తెరకు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే అమర్చి ఉందనుకుందాం. ఇంగ్లిష్ ‘కే’ మీట నొక్కితే ‘క’ పడుతుంది. తెరపై చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తప్పెక్కడో తెలియదు. అందుకే సిస్టమ్ స్థాయి అమరికల్లో తెలుగుతో పాటు ఇంగ్లిష్ లేఅవుట్‌ను కూడా ఉంచాలి.

చూపు లేనివారికి ఇది మరింత కీలకం. తమ ఖాతాలో స్క్రీన్ రీడర్‌ను ఆన్ చేసి పెట్టుకున్నా, ఆ ఖాతాలోకి చేరేదాకా అది పలకకపోవచ్చు. గ్నోమ్ లాగిన్ తెరపై ఉండే యాక్సెసిబిలిటీ మెనూలో స్క్రీన్ రీడర్, పెద్ద అక్షరాలు, తెరపై కీబోర్డు వంటి సౌకర్యాలున్నాయి. ఆల్ట్, సూపర్, ఎస్ మీటలను కలిపి నొక్కినా స్క్రీన్ రీడర్ మొదలవుతుంది.

కాలేజీ ల్యాబ్‌ల వంటి చోట్ల ఒకే కంప్యూటర్‌ను పలువురు వాడతారు. అక్కడ జీడీఎంలో వినియోగదారుల పేర్ల జాబితాను దాచవచ్చు. ల్యాబ్ నియమాలను చిన్న సందేశంగా చూపవచ్చు, సంస్థ లోగో పెట్టవచ్చు.

థీమ్ కూడా కోడే

ఎస్‌డీడీఎం థీమ్‌లు క్యూఎంఎల్ భాషలో రాసినవి. అంటే అవి ఉత్త బొమ్మలు కావు, నడిచే కోడ్. టైప్ చేసిన పాస్‌వర్డ్ ఆ కోడ్ గుండానే వెళుతుంది. 2024 మార్చిలో ఒక కేడీఈ డెస్క్‌టాప్ థీమ్‌ను ఇన్‌స్టాల్ చేసిన వ్యక్తి ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అది లాగిన్ థీమ్ కాకపోయినా, పాఠం మాత్రం ఇక్కడా వర్తిస్తుంది. ఎవరు రాశారో తెలియని థీమ్‌ను వాడకపోవడమే మేలు.

మార్పులకు ముందు పాత సెట్టింగుల ఫైలును మరోచోట కాపీ చేసి ఉంచుకోవాలి. తెర పాడైనా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే చాలా సిస్టమ్‌లలో అక్షరాలతో నడిచే కన్సోల్ తెరుచుకుంటుంది. అక్కడ లాగిన్ అయి పాత ఫైలును తిరిగి పెట్టేయవచ్చు. ముందు కీబోర్డు, తర్వాత యాక్సెసిబిలిటీ సరిచూసుకుంటే, నచ్చిన ఫొటో పెట్టుకోవడం ఆ తర్వాత తీరికగా చేసుకునే పని.