లేనిది సిడ్ ఒక్కడేనా?

పింక్ ఫ్లాయిడ్ బృందం 1975 సెప్టెంబరులో విడుదల చేసిన ‘విష్ యు వర్ హియర్’ గురించి ఎవరు రాసినా మొదట చెప్పే మాట, అది సిడ్ బారెట్‌కు నివాళి అని. అందులో అబద్ధం లేదు. బ్యాండ్‌కు పేరు పెట్టింది సిడ్. తొలి పాటల్లో ఎక్కువ భాగం రాసిందీ పాడిందీ అతనే. మానసికంగా దెబ్బతిని, మత్తు మందులూ తోడై, 1968లో బ్యాండ్‌కు దూరమయ్యాడు. మిగిలినవాళ్లు ఏళ్ల తర్వాత అతని మీద ‘షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్’ అనే పాట కట్టారు. అయితే నివాళి అని సరిపెట్టుకుంటే ఈ ఆల్బమ్‌ను సగమే విన్నట్టు. ఇందులోని ఐదు పాటలనూ వరసగా వింటే, మాయమైపోయింది సిడ్ ఒక్కడే కాదని, స్టూడియోలో వాయిద్యాలు పట్టుకుని కూర్చున్న ఆ నలుగురూ తమకు తాము కనబడకుండా పోయారని అర్థమవుతుంది. వాళ్లు దాన్ని దాచుకోకుండా పాటల్లో పెట్టారు. ఈ రికార్డు నిలిచింది అందువల్లే.

1973లో వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ వాళ్లు కలలో కూడా ఊహించనంత డబ్బూ పేరూ తెచ్చిపెట్టింది. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. వాయిద్యాలు పక్కన పెట్టి రబ్బరు బ్యాండ్లు, గ్లాసుల వంటి ఇంటి సామానుతో సంగీతం చేద్దామని కొన్నాళ్లు ప్రయత్నించి వదిలేశారు. వైన్ గ్లాసు అంచు మీద తడి వేలు తిప్పితే పుట్టే నాదం ఒక్కటి మాత్రం మిగిలి, ‘షైన్ ఆన్’ మొదట్లో వినిపిస్తుంది. 1975 జనవరిలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో పని మొదలైనప్పుడు వాళ్ల చేతిలో అప్పటికే కచేరీల్లో వాయించిన పొడవాటి పాటలు మూడున్నాయి. వాటినే రికార్డు చేద్దామన్నాడు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్. బాస్ గిటారు వాయించే రోజర్ వాటర్స్ ఒప్పుకోలేదు. ‘షైన్ ఆన్’ను రెండు ముక్కలు చేసి ఒకటి మొదట్లో, ఒకటి చివర్లో పెడదామని, నడుమ కొత్త పాటలు రాద్దామని పట్టుబట్టాడు. చివరికి అతని మాటే నెగ్గింది. పక్కన పెట్టిన రెండు పాటలూ పేర్లు మార్చుకుని 1977 నాటి ‘యానిమల్స్’లో చేరాయి. నా వాదనకు ఆధారం ఈ నిర్ణయమే. సిడ్‌కు నివాళి మాత్రమే కావాలనుకుంటే ఇరవై ఆరు నిమిషాల పాటను కోయాల్సిన పని లేదు.

కోసి నడుమ పెట్టినవి ఏమిటో చూడండి. ‘వెల్‌కమ్ టు ది మెషీన్’లో యంత్రం ఒక కుర్రాడికి స్వాగతం పలుకుతుంది, అతని కలలు కూడా అది ఇచ్చినవే. ‘హావ్ ఎ సిగార్’లో రికార్డు కంపెనీ పెద్దమనిషి బ్యాండ్‌ను ఆకాశానికెత్తుతూనే, పింక్ అనేది అందులో ఒకరి పేరనుకుంటాడు. నిజానికి ఆ పేరు పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి సిడ్ పెట్టింది. పేరులో ఉన్నవాళ్లు బ్యాండ్‌లో ఎప్పుడూ లేరు, పేరు పెట్టినవాడు ఇప్పుడు లేడు. ఈ పాట పాడింది కూడా బ్యాండ్ మనిషి కాదు. వాటర్స్ గొంతు సహకరించలేదు, గిల్మోర్ పాడనన్నాడు, పక్క స్టూడియోలో పని చేసుకుంటున్న గాయకుడు రాయ్ హార్పర్ వచ్చి పాడి వెళ్లాడు. అది అనుకోకుండా జరిగిందే, కానీ అంతకంటే సరిగ్గా అతికే ఏర్పాటు మరొకటి ఉండదు.

ఆ తర్వాత టైటిల్ పాట. రేడియో స్టేషన్లు మారుతున్న చప్పుడు, చైకోవ్‌స్కీ సింఫనీ ముక్క ఒకటి, ఆపైన రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా, దూరంగా ఒక గిటారు. కాసేపటికి పక్కనే కూర్చున్న మనిషి దగ్గి, ఊపిరి తీసుకుని, ఇంకో గిటారుతో దానికి జత కలుపుతాడు. రెండూ గిల్మోర్‌వే. ఒకే మనిషి దూరంగా ఉన్న తనతో తానే వాయించుకుంటున్నాడు. పాట సిడ్ కోసమని ఎంత చెప్పినా, ఈ ప్రారంభం విన్నాక అది పాడుతున్నవాళ్ల గురించి కూడానని అనుకోకుండా ఉండలేం.

కోట్లు గడించినవాళ్లు కంపెనీల మీద ఏడవడమేమిటని ఒక ఆక్షేపణ ఉంది. ఈ పాటల్లో ఎవరూ మోసపోయామని చెప్పరు. అడిగినవన్నీ దొరుకుతాయి, చేయాలన్న కోరికే చచ్చిపోతుంది. అది డబ్బున్నవాళ్ల కష్టమే కావచ్చు, అంతమాత్రాన అబద్ధం కాదు. ‘మెషీన్’ పాట కాస్త బరువుగా నడుస్తుందన్న విమర్శను మాత్రం కాదనలేను. రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. పాటల్లో ఆవేశం లేదని, సిడ్ గురించి కూడా నిర్లిప్తంగా పాడారని రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్షకుడు అప్పుడే రాశాడు. ఆయన చెవి సరిగ్గానే పట్టుకుంది, తీర్పు తప్పింది. మనసు పక్కకు పోయిన మనుషుల రికార్డులో గుండెలు బాదుకునే గొంతు ఉంటే అదే నటన అయ్యేది.

1975 జూన్ 5న, మిక్సింగ్ సాగుతుండగా, ఒక లావుపాటి మనిషి స్టూడియోలోకి వచ్చాడు. తలా కనుబొమ్మలూ గొరిగించుకుని ఉన్నాడు. అతను సిడ్ అని పాత స్నేహితులకు కొంతసేపటి దాకా తెలియలేదు. ఈ సంఘటనను అభిమానులు పురాణంగా మార్చేశారని కొందరు విసుక్కుంటారు. ఆ విసుగులో న్యాయముంది. ‘షైన్ ఆన్’ అతను వచ్చినందువల్ల పుట్టిన పాట కాదు. అప్పటికి ఏడాది ముందే కచేరీల్లో ఉంది. కానీ ఎవరి కోసం పాట కట్టారో ఆ మనిషిని గుర్తుపట్టలేకపోయారన్నది కల్పన కాదు. ఆల్బమ్ చివరి క్షణాల్లో రిచర్డ్ రైట్ కీబోర్డు మీద ‘సీ ఎమిలీ ప్లే’ బాణీని లీలగా పలికిస్తాడు. అది 1967లో సిడ్ రాసిన పాట.

ఫోన్‌లో టైటిల్ పాట ఒక్కటే విని ఊరుకునేవాళ్లకు ఒక మనవి. దాని ముందున్న మూడింటినీ, వెనకున్న ఒకదాన్నీ వదలకండి. మొత్తం నలభై నాలుగు నిమిషాలు. మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా ఒకసారి వినండి.