ఎల్ నీఞో పలుకుబడి

సుక్మా జిల్లా కొంటా ప్రాంతమున, గోండి, దోర్లీ, హిందీ, తెలుగు భాషలు ఒకదాని నొకటి ఒరసికొని బ్రతుకుచున్న భేజ్జి అడవిపట్టులలో, ఇప్పపూవు రాలు దినములు కడచి తునికాకు కోత మొదలైనది మొదలు ఆకాశము వంక చూడని గృహస్థుండడు. ఏలయన, కల్లములో ఆరవేసిన ఆకుకట్టలపై అకాలవర్షము పడెనేని శ్రమయంతయు బూజుపాలగును. ఇట్టి వానచింత గల వారందరి చెవులకు వార్తలు మోసికొనివచ్చిన స్పానిష్ మాట యొకటి కలదు: ఎల్ నినో. పెరూ తీరపు బెస్తలు, క్రిస్మసు వేళ వెచ్చబడు సముద్రజలమునకు బాలయేసు పేరిట ఇడిన నామమిది. ఇది వచ్చిన యేట మన వానలు తగ్గునని ప్రతీతి. అయినను 1997లో ఈ బాలుడు మహోగ్రరూపము దాల్చినను మన నైరృతి ఋతుపవనము ఇంచుమించు సాధారణముగనే వర్షించినది. 2015లో మాత్రము లోటు తప్పలేదు. కావున కరవులన్నియు వాని నెత్తిన రుద్దుట న్యాయము కాదు.

పేరును మాత్రము మనము తప్పుగా పలుకుచున్నాము. అది నకారము కాదు. మన వర్ణమాలలో చిరకాలముగా పనిలేక కూర్చున్న ఞకారమునకు పుట్టిల్లు వంటి ధ్వని. ‘ఎల్ నీఞో’ అనవలెను. స్పానిష్ త, దలు మన వలెనే దంత్యములు. ప, త, కలకు ఒత్తులేదు. ఆంగ్లేయుడు ఏండ్లతరబడి తంటాలుపడు ఈ పట్టున తెలుగు నాలుకకు శ్రమయే లేదు.

ఇక ఎండవానలను చెప్పు స్పానిష్ వ్యాకరణము. ఆ లిపిలో హకారము కనబడును గాని వినబడదు. అందుచే ‘చేయును’ అను అర్థము గల క్రియ ‘ఆసే’ యగును, స్పెయిను దేశమున అధికభాగము ‘ఆథే’ యందురు. ఆసే కలోర్ అన్న వేడిగానున్నది. ఆసే సోల్, ఎండగానున్నది. ఆసే బియెంతో, గాలి వీచుచున్నది. మనకు ఎండ కాయును, గాలి వీచును, ఉక్క పోయును, చలి వేయును. ఒక్కొక్క దానికి ఒక్కొక్క క్రియ. వారు ఇన్నింటిని ఒక్క ‘ఆసే’తో నెట్టుకొనివత్తురు, ఈ విషయమున మన సంపదయే నాకు మిన్నగా తోచును.

జాగ్రత్తపడవలసినది చలి దగ్గర. బయట చలిగానున్నచో ‘ఆసే ఫ్రీయో’. నాకు చలి వేయుచున్నచో ‘తెంగో ఫ్రీయో’, అనగా చలి నాకు కలదని. కాఫీ చల్లారినచో ‘ఎల్ కఫే ఎస్తా ఫ్రీయో’. మొదటి రెంటను ఫ్రీయో నామవాచకము గనుక ‘మిక్కిలి’ యనుటకు ‘ముచో’ చేర్చవలెను. ‘ముయ్’ విశేషణములకు చెందినది.

వానకు కర్తయే లేదు: ‘య్వేవె’ అను ఒక్క క్రియాపదమే సంపూర్ణ వాక్యము. ధాతువుపై ఊనిక పడినప్పుడే ఈ ‘వే’ వినబడును. ఊనిక తొలగగానే ఓకారము తిరిగివచ్చి, కురియుచున్నదనుటకు ‘ఎస్తా యొవియెందో’, కురిసెననుటకు ‘యొవియో’ యగును. వ్యాకరణమునకు వెరచువారు ముందుగా ‘య్వేవె’ యొక్కటి నేర్చి, మిగిలినవి వాన వెలిసిన పిమ్మట చూచుకొనవచ్చును.