జ్వరం పోయినా దగ్గెందుకు పోదు?

జ్వరం నాలుగు రోజుల్లో దిగిపోతుంది. దగ్గు మాత్రం రెండు వారాలైనా వదలదు. పగలు ఎలాగో గడిచినా, రాత్రి నడుం వాల్చగానే మొదలవుతుంది. మందు పనిచెయ్యలేదేమోనని మెడికల్ షాపుకు వెళ్లి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ షీటు ఒకటి తెచ్చుకుంటారు. బ్రాంకైటిస్, అంటే శ్వాసనాళాల వాపు, వచ్చినప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఇదే. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఆ కంగారు చాలావరకు తగ్గుతుంది.

గొంతు కింద మొదలైన శ్వాసనాళం రెండుగా చీలి, ఒక్కో పాయా మళ్లీ మళ్లీ చీలుతూ ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. ఈ గొట్టాల లోపలి గోడ మీద పలచని జిగురు ఉంటుంది. పీల్చిన దుమ్మూ క్రిములూ దానికి అంటుకుంటాయి. గోడకున్న సన్నటి నూగు, గాలికి వరిచేను ఊగినట్టు, సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ ఆ జిగురును గొంతుదాకా తోస్తుంది. మనం మనకు తెలియకుండానే మింగేస్తాం.

బ్రాంకైటిస్ తెచ్చే వైరస్ దెబ్బతీసేది సరిగ్గా ఈ గోడ పైపొరనే. కణాలు చచ్చి రాలిపోతాయి, గోడ వాస్తుంది, కళ్లె ఎక్కువగా ఊరుతుంది. పొర పలచబడటంతో కింది నరాలు ఊరకే రేగుతాయి. చల్లగాలి తగిలినా, గట్టిగా నవ్వినా దగ్గు తెర వస్తుంది. జ్వరం తగ్గిందంటే వైరస్ జోరు తగ్గిందనే. రాలిన కణాల చోట కొత్తవి పుట్టి, వాటికి నూగు మొలవడానికి వారాలు పడుతుంది. అందాకా కళ్లెను పైకి తెచ్చే భారమంతా దగ్గుదే. సగటున అది రెండున్నర వారాలు ఉంటుంది.

మరి యాంటీబయాటిక్? పదిమందిలో తొమ్మిదిమందికి కారణం వైరసే కాబట్టి, ఆ మాత్ర దానినేమీ చెయ్యలేదు. కళ్లె పచ్చగా ఉందిగా అంటారు. క్రిములతో పోరాడే తెల్లకణాల్లోని ఒక ఎంజైమ్ రంగు అది. బ్యాక్టీరియా ఉందనడానికి రంగొక్కటే సాక్ష్యం కాదు.

కొందరికి దగ్గుతో పాటు ఆయాసమూ వస్తుంది. కాస్త వాపుకే అంత ఆయాసం ఎందుకంటే, గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డంకి రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు అవుతుంది. చిన్నపిల్లల గొట్టాలు అసలే సన్నవి. అందుకే వాళ్లకు త్వరగా పిల్లికూతలు వస్తాయి.

అయితే రెండు వారాలు దాటిన దగ్గును మన దేశంలో ఊరికే వదిలెయ్యకూడదు. క్షయ కాదని తేల్చుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు. కళ్లెలో రక్తం పడినా, ఊపిరాడకపోయినా, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువగా వచ్చినా ఆ రెండు వారాలూ ఆగకూడదు.

ఏడాదిలో మూడు నెలల చొప్పున వరసగా రెండేళ్లు కళ్లెతో దగ్గు వస్తే, వేరే కారణం లేనప్పుడు, దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. ఇక్కడ పొర మానడానికి వ్యవధే దొరకదు. రోజూ పడే పొగకు నూగు మొద్దుబారుతుంది, కళ్లె ఊరే గ్రంథులు పెద్దవవుతాయి, గోడ మందమవుతుంది. ఆ పొగ సిగరెట్టుదీ చుట్టదీ మాత్రమే కానక్కర్లేదు. ఏళ్ల తరబడి ఊదుగొట్టం పట్టుకుని కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. పొగ తాగుతారా అని డాక్టరు అడిగితే వాళ్లు లేదనే చెబుతారు, అది నిజమే. పొయ్యి సంగతి కూడా అడగాలి. అడగకపోతే మనమే చెప్పాలి. అప్పుడు స్పైరోమీటరులో గట్టిగా ఊదించి గొట్టాలు ఎంత ఇరుకయ్యాయో చూస్తారు.

చుట్ట మానేశాక దగ్గు ఇంకా ఎక్కువైందని కొందరు మళ్లీ ముట్టిస్తారు. మొద్దుబారిన నూగు తిరిగి కదలడం మొదలై, అడుగున పేరుకున్న కళ్లెను పైకి తోయడం వల్ల మొదట్లో అలా కావచ్చు. ఆ దగ్గు మామూలుగా కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది.