పట్టు వేరు, పని వేరు: కణ గ్రాహకాల గణితం

కణం తన వెలుపలి నుంచి వచ్చే రసాయన సందేశాలను అందుకొనేది గ్రాహకాల ద్వారా. రిసెప్టర్లని కూడా పిలిచే ఈ ప్రొటీన్లు చాలావరకు కణపొరలో ఇమిడి ఉండి, హార్మోనో మందో వచ్చి అతుక్కున్నప్పుడు ఆకృతి మార్చుకొని ఆ సమాచారాన్ని లోపలికి చేరవేస్తాయి. నికోటిన్, క్యురారీ ఒకే కండరంపై పరస్పర విరుద్ధంగా పనిచేయడాన్ని గమనించిన కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ, ఆ రెండింటినీ పట్టుకొనే పదార్థమేదో కండరంలోనే ఉండాలని 1905లో ప్రతిపాదించగా, ఆయన ప్రయోగశాలలో పనిచేసిన ఆర్చిబాల్డ్ హిల్ 1909లో కప్ప కండరంపై ప్రయోగాలు జరిపి ఆ ఊహకు గణితరూపం కల్పించాడు.

మందు అణువులు గ్రాహకాలకు అతుక్కొనే వేగమూ విడిపోయే వేగమూ సమానమైనప్పుడు సమతాస్థితి ఏర్పడుతుంది. ఆ స్థితిలో సగం గ్రాహకాలు నిండటానికి కావలసిన మందు గాఢతను విఘటన స్థిరాంకం అంటారు. అది ఎంత తక్కువైతే మందు పట్టు అంత గట్టిదని అర్థం. గాఢత ఈ స్థిరాంకానికి 9 రెట్లైతే 90 శాతం, 99 రెట్లైతే 99 శాతం గ్రాహకాలు నిండుతాయి కాబట్టి, ఒక హద్దు దాటాక మోతాదును ఎంత పెంచినా ఫలితం పెద్దగా పెరగదు.

1926లో ఆల్ఫ్రెడ్ క్లార్క్ నిండిన గ్రాహకాల సంఖ్యను బట్టే స్పందన ఉంటుందని భావించాడు గాని, గ్రాహకాలన్నీ నిండినా కొన్ని మందులు పాక్షిక స్పందననే కలిగించడం ఆ లెక్కకు లొంగలేదు. 1957లో డెల్ కాస్టియో, బెర్నార్డ్ కాట్జ్ ఈ చిక్కును విప్పుతూ, అతుక్కోవడం ఒక దశ అనీ, అతుక్కున్న గ్రాహకం క్రియాశీలం కావడం మరో దశ అనీ విడదీశారు. రెండో దశలో క్రియాశీల, నిష్క్రియ రూపాల నిష్పత్తి 19:1 అయితే గరిష్ఠంగా 95 శాతం గ్రాహకాలు పనిలోకి దిగుతాయి. అదే 1:1 అయితే, మోతాదు ఎంత పెంచినా 50 శాతం దాటవు.

నల్లమందు జాతి మందుల వ్యసనానికి చికిత్సగా వాడే బ్యూప్రెనార్ఫిన్‌లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది: గ్రాహకాన్ని మార్ఫిన్ కంటే గట్టిగా పట్టుకొన్నా దాన్ని పాక్షికంగానే ప్రేరేపిస్తుంది కనుక, ఇతర మందులకు చోటివ్వకుండానే తన ప్రభావాన్ని పరిమితిలో ఉంచుతుంది. అందువల్ల కొత్త మందును అంచనా వేసేవారు దాని పట్టును, ప్రేరణశక్తిని వేర్వేరుగా కొలవక తప్పదు.