ఓడిన తరువాత – నిఖత్ జరీన్ ముందున్న దారి

మన పుత్తూరు రైల్వే స్టేషన్లో కాసేపు నిలబడి చూడండి. చేతికి గుడ్డ ఉయ్యాల కట్టుకుని దిగేవారు, ఇద్దరి భుజాలు పట్టుకుని ఒంటికాలిమీద కుంటుతూ దిగేవారు కనబడుతూనే ఉంటారు. తమిళనాడు నుండి, కర్ణాటక నుండి కూడా వస్తారు. 'పుత్తూరు కట్టు' అంటే అంత పేరు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ... చూడడానికి ఇంతే. కానీ ఆ కట్టు కట్టించుకున్న ఒక పెద్దావిడ నాతో అన్న మాట ఇప్పటికీ మరచిపోలేదు. "కట్టేది ఒక్క గడియ పనే నాయనా. విప్పేదాకా ఓర్చుకునేదే కష్టం. తొందరపడితే వంకరగా అతుక్కుంటాది" అందామె.

ఎముక సంగతి అలా ఉంచండి. మనసు విరిగితే? ముఖ్యంగా చిన్న వయసులో, మొట్టమొదటిసారి ఓడిపోయినప్పుడు? ప్రతి ఏడూ ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున మన ఇళ్లలో ఎన్ని తలుపులు లోపలి నుండి గడియ పడతాయో తల్లిదండ్రులందరికీ తెలుసు. ఆ తలుపు బయట నిలబడి ఏం మాట్లాడాలో తెలియక తల్లడిల్లిన వారు మనలో ఎందరో ఉన్నారు. అందుకే ఈ నెల ఒక తెలుగు అమ్మాయి కథ చెప్పాలనిపించింది. ఆమె వృత్తే దెబ్బలు తినడం, తిరిగి లేవడం. పేరు నిఖత్ జరీన్. ఊరు నిజామాబాదు.

మొదటి దెబ్బ

నిఖత్ 1996 జూన్ 14న పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడవది. తండ్రి స్వయంగా ఆటగాడు. మొదట పరుగు పందాలలో దించుదామని ఆమెను మైదానానికి తీసుకువెళ్లేవాడు. అక్కడ మగపిల్లలు బాక్సింగ్ నేర్చుకోవడం చూసి, ఇందులో ఆడపిల్లలు ఎందుకు లేరని ఆ పిల్ల అడిగింది. ఆ ప్రశ్నతోనే అంతా మొదలైంది.

నిజామాబాదులో శంసాముద్దీన్ అనే శిక్షకుని దగ్గర చేరింది. అక్కడ ఆడపిల్లలు లేరు గనుక మగపిల్లలతోనే తలపడాలి. తొలిరోజుల్లో ఒకనాడు ముక్కు నుండి రక్తం కారుతూ, కన్ను వాచిపోయి ఇంటికి వచ్చింది. తల్లి చూసి ఏడ్చింది. ఇలా మొహం పాడైతే ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని ఆమె దిగులు. పొట్టి నిక్కరు వేసుకుని ఆడుతుందని బంధువులు సణిగారు. తండ్రి మాత్రం వెనక్కి తగ్గలేదు. తరువాత ఆమె విశాఖపట్నంలోని క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు దగ్గర నేర్చుకుంది. 2011లో టర్కీలోని అంతాల్యాలో జరిగిన జూనియర్, యువజన ప్రపంచ పోటీలలో బంగారు పతకం గెలిచింది. అప్పటికి ఆమె వయసు పద్నాలుగేళ్లు.

ఇంత చిన్న వయసులో ఇంత పెద్ద గెలుపు వస్తే ఇక దారి అంతా పూలబాటే అనుకుంటాం. కానీ అలా జరగలేదు. 2017లో విశ్వవిద్యాలయాల పోటీలో ఆమె భుజం దెబ్బతిన్నది. శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. గుద్దు భుజం నుండే బయలుదేరుతుంది. బాక్సరుకు భుజం పోవడమంటే వడ్రంగికి చెయ్యి పోయినట్టే. నెలల తరబడి ఆట లేదు. తోటివారు ముందుకు సాగిపోతుంటే ఊరికే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

అందరూ చూసిన ఓటమి

2019లో టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు మన దేశం తరఫున ఎవరిని పంపాలనే ప్రశ్న వచ్చింది. అక్కడ ఉన్నది మేరీ కోమ్. ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్య పతక విజేత. నిఖత్ చిన్నప్పటి నుండి ఆరాధించిన వ్యక్తి. ఆమెను ఎంపిక పోటీ లేకుండానే పంపుతారన్న మాట వినబడగానే నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగ లేఖ వ్రాసింది. తనకు సీటు ఇవ్వమని అడగలేదు. పోటీపడే అవకాశం మాత్రం ఇవ్వమంది.

అవకాశం దొరికింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఇద్దరూ బరిలోకి దిగారు. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. పోటీ అయ్యాక చేతులు కలపడం కూడా జరగలేదు. అడిగి మరీ తెచ్చుకున్న పోటీలో, దేశమంతా చూస్తుండగా, అభిమానించిన మనిషి చేతిలోనే ఓడడం! ఎవరికైనా ముఖం చూపించుకోవడానికి మనసొప్పదు.

ఆమె ఏం చేసింది? మళ్లీ శిక్షణకు వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా పోటీల్లో టోక్యో ఒలింపిక్స్ రజత విజేత, టర్కీకి చెందిన బుసె నాజ్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చింది. అదే ఏడాది మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సరు జిట్‌పాంగ్ జుతామస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. ఇక్కడ 5-0 అంటే అయిదు గుద్దులని కాదు. బరి చుట్టూ కూర్చున్న అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెదే గెలుపు అన్నారని అర్థం. కొద్ది రోజులకే మేరీ కోమ్‌తో కలిసి దిగిన ఫొటోను నిఖత్ తానే సంతోషంగా అందరికీ చూపించింది. గెలవడంకన్నా ఈ పని కష్టమని నాకు అనిపిస్తుంది.

ఆ ఏడే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం, 2023లో ఢిల్లీలో రెండవసారి ప్రపంచ కిరీటం.

పారిస్‌లో ఏం జరిగింది?

2024లో తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఆమెకు సహజంగా కుదిరిన తరగతి 52 కిలోలు. పారిస్‌లో ఆ తరగతి లేదు. 50లో ఆడాలి. రెండు కిలోలేగా అనుకోవద్దు. ఒంట్లో కొవ్వే లేని ఆటగత్తె రెండు కిలోలు తగ్గాలంటే తిండి, నీళ్లు కూడా కొలుచుకోవాలి. పైగా ఆమెకు సీడింగ్ లేదు. అంటే మొదటి పోటీల్లోనే అతి బలమైనవారు ఎదురుకావచ్చు. అలాగే జరిగింది. జూలై 28న జర్మనీ బాక్సరును 5-0తో గెలిచింది. ఆగస్టు 1న చైనాకు చెందిన వు యు చేతిలో 0-5తో ఓడిపోయింది. ఆ వు యు చివరికి బంగారు పతకమే గెలిచింది. కానీ ఆ క్షణంలో ఆ లెక్కలేవీ ఓదార్చవు. నిఖత్ కన్నీళ్లతో తన వారందరినీ క్షమించమని అడిగింది.

మనం ఆగి ఆలోచించవలసింది ఇక్కడే. ఓడినందుకు క్షమాపణ ఎందుకు? పాపం చేసినవాడు క్షమాపణ అడగాలి. శక్తివంచన లేకుండా పోరాడి ఓడినవాడు ఎవరికీ బాకీ లేడు. పరీక్ష తప్పిన మన పిల్లలు మన ముఖం చూసి "సారీ నాన్నా" అన్నప్పుడు ఈ మాటే వారికి చెప్పాలి. అది చెప్పకుండా పక్కింటి పిల్లవాని మార్కులు చెప్పడం మొదలుపెడితే, పచ్చి కట్టును లాగి చూసినట్టే.

ముందున్న దారి

పారిస్ తరువాత తెలంగాణ ప్రభుత్వం ఆమెను పోలీసు శాఖలో డి.ఎస్.పి.గా నియమించింది. జీవితం స్థిరపడింది, చాలించవచ్చు. చాలించలేదు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో 51 కిలోల తరగతిలో ఆడి, క్వార్టర్ ఫైనల్లో పాత ప్రత్యర్థి బుసె నాజ్ చేతిలో ఓడింది. మూడు నెలలు తిరగకముందే, నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపీ బాక్సరును 5-0తో గెలిచి బంగారు పతకం మెడలో వేసుకుంది.

ఇక ఆమె భవిష్యత్తు ఎలా ఉంటుంది? నిజాయితీగా చూస్తే రెండు వైపులా ఉంది. 2028 జూలైలో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నాటికి ఆమెకు 32 ఏళ్లు నిండుతాయి. బాక్సింగ్‌లో అది లేత వయసు కాదు. కానీ మేరీ కోమ్ ఆరవ ప్రపంచ కిరీటం గెలిచింది 2018లో, 35 ఏళ్లు దాటాక, పిల్లల తల్లిగా. ఇక 51 కిలోలంటే నిఖత్ ఒంటికి 50కన్నా నయమైన తరగతి. ఒలింపిక్స్‌లో అసలు బాక్సింగ్ ఉంటుందా అన్న అనుమానం కూడా 2025లో తీరిపోయింది. లాస్ ఏంజెలిస్‌లో స్త్రీలకూ పురుషులకూ సమానంగా ఏడేసి తరగతులు ఉంటాయని నిర్ణయమైంది.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇంట్లోనే రావచ్చు. 2025లో లివర్‌పూల్‌లో 48 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయిన మీనాక్షి హుడా వంటివారు వెనుక నుండి వస్తున్నారు. 48 ఒలింపిక్స్‌లో లేదు. అటువంటివారు ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే పై తరగతికి రావాలి, అంటే నిఖత్ ఉన్న చోటికే. ఒకనాడు తాను మేరీ కోమ్ తలుపు తట్టినట్టే, రేపు ఒక చిన్నది తన తలుపు తట్టి "అక్కా, నాకూ ఒక అవకాశం" అనవచ్చు. గెలిచినా ఓడినా ఆ రోజున నిఖత్ చెయ్యి చాపుతుందని నా నమ్మకం. ఆ చెయ్యి అందకపోతే ఎలా ఉంటుందో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు?

నిజామాబాదు నుండే వచ్చిన మరో బాక్సరు హుసాముద్దీన్, ఆమె మొదటి గురువు శంసాముద్దీన్ కుమారుడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీ ఫైనల్ వరకు వెళ్లి, మోకాలి గాయంతో బరిలోకి దిగలేక కాంస్యంతో వెనుదిరిగాడు. ఒకే గురువు చేతి కింద పెరిగిన ఇద్దరికీ గాయాలే పాఠాలు నేర్పాయి.

చదువరులారా, మీ ఇంట్లో ఎవరైనా ఈ నెల ఓడిపోయి ఉంటే, పరీక్షలో గాని, ఉద్యోగంలో గాని, ఆటలో గాని, వారికి ఉపదేశం చేయడానికి తొందరపడకండి. ముందు అన్నం పెట్టండి. పక్కన కూర్చోండి. ముక్కున రక్తంతో వచ్చిన కూతురిని చూసి ఏడ్చిన ఆ తల్లి తప్పు చేయలేదు. మరునాడు ఆమెను మళ్లీ మైదానానికి తీసుకువెళ్లిన ఆ తండ్రీ తప్పు చేయలేదు. ఆ ఇంటికి ఇద్దరూ కావలసి వచ్చారు. మన ఇళ్లకూ అంతే.

కట్టు కట్టేది ఒక్క గడియ పని. విప్పేదాకా పక్కన ఉండవలసింది మనమే.