కిడ్నాపు కేసులు పెరిగితే ముఠాలు దిగినట్టేనా?

కోటిపల్లి రేవు దాటి వచ్చే బాటసారులు, బైకు మీద దుప్పట్లు, ప్లాస్టిక్ సామాను తెచ్చి అమ్ముకునేవాళ్లు, పనుల కోసం ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చే కూలీలు కె.గంగవరం మండలానికి కొత్తేమీ కాదు. అయినా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఫోన్లో ఒక్క సందేశం వస్తే చాలు, నిన్న మనం బేరమాడి దుప్పటి కొన్న మనిషే ఇవాళ దొంగలా కనిపిస్తాడు. పైగా ఆ సందేశం కింద పేపరు కటింగు ఒకటి: జిల్లాలో కిడ్నాపులు ఇంత శాతం పెరిగాయని. పుకారుకు అంకె తోడయ్యేసరికి చదువుకున్నవాళ్లూ నమ్మేస్తున్నారు. కాబట్టి ముందు ఆ అంకె సంగతే తేల్చుకోవాలి.

అపోహ: కిడ్నాపు కేసులు పెరిగాయంటే ఎత్తుకుపోయే ముఠాలు పెరిగాయన్నమాట.

కాదు. అది ఫిర్యాదుల లెక్క. ఎత్తుకుపోయినవాళ్ల లెక్క కాదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. పిల్లలు కనిపించడం లేదని ఎవరు ఫిర్యాదు చేసినా, అపహరణో అక్రమ రవాణానో జరిగి ఉంటుందనే భావించి ఎఫ్ఐఆర్ కట్టాలన్నది దాని సారం. మంచి ఆదేశం. అంతకుముందు "రెండ్రోజులు చూసి రండి" అని తల్లిదండ్రులను తిప్పి పంపేవారు. ఇప్పుడు పరీక్ష తప్పి, నాన్న తిడతాడని రైలెక్కిన పిల్లవాడి పేరు మీద కూడా కేసు నమోదవుతుంది. వాడు మర్నాడు అమ్మమ్మగారింట్లో దొరికినా, ఆ ఎఫ్ఐఆర్ ఏడాది లెక్కలోంచి మాయం కాదు.

పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడి ఎవరితోనో వెళ్లిపోతే తండ్రి పెట్టే కేసూ కిడ్నాపే. సంరక్షకుల దగ్గర నుంచి మైనరును తీసుకుపోతే, వెళ్లినవాళ్ల ఇష్టంతో చట్టానికి పనిలేదు. పాత శిక్షాస్మృతిలో ఈ వయసు అబ్బాయికి 16, అమ్మాయికి 18. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇద్దరికీ 18 చేసింది. అంటే నేరం ఒక్కటి కూడా పెరగకపోయినా, పదహారు, పదిహేడేళ్ల అబ్బాయిల కేసులు ఈ పద్దులోకి కొత్తగా చేరే వీలుంది. ఇది చెప్పకుండా నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె పెట్టి బాణం గుర్తు పైకి గీస్తే, చదివేవాడు ఏమనుకుంటాడు?

2021లో దేశం మొత్తం మీద 1,01,707 కిడ్నాపు, అపహరణ కేసులు నమోదయ్యాయి. సినిమాల్లో చూసినట్టు డబ్బు కోసం ఎత్తుకుపోయిన కేసులు అందులో నూటికి ఒకటి లోపే. ఈ లెక్కలు వేసే జాతీయ నేర గణాంకాల సంస్థే తన నివేదికలో ఒక హెచ్చరిక ఇస్తుంది: నేరం పెరగడం వేరు, నేర నమోదు పెరగడం వేరు అని. ఆ ఒక్క వాక్యమే మన వార్తల్లోకి రాదు.

ఇంకో చిక్కు శాతాలతో వస్తుంది. ఒక స్టేషను పరిధిలో నిరుడు రెండు కేసులుండి ఈ ఏడు మూడైతే 50 శాతం పెరిగినట్టు. రాసింది అబద్ధం కాదు, కానీ చదివినవాడి గుండె అదురుతుంది. మన కోనసీమ జిల్లాకు మరో ఇబ్బందీ ఉంది. ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అంతకుముందు లెక్కలు ఉమ్మడి తూర్పుగోదావరివి. ఆ పాత అంకెలతో ఇప్పటి జిల్లా అంకెలను పోల్చి పెరిగిందనో తగ్గిందనో రాస్తే, అది గీతలు మారిన పటాన్ని చూసి గోదావరి దారి మళ్లిందనడమే.

ఈ భయం ఖరీదు ఎంతో 2018లో చూశాం. ఆ మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో పార్థీ ముఠా, బిహారీ ముఠా అంటూ సందేశాలు తిరిగాయి. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో, నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. చివర్లో పిల్లవాణ్ని తిరిగి అప్పగించే భాగం కత్తిరించి పంచారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెలలో యాచనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో సంచార తెగకు చెందిన అయిదుగురు బలయ్యారు. అదే నెల 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్ ఐటీ ఉద్యోగి ఒకరు చనిపోయారు. ఆయన బృందంలోని వారు చేసిన తప్పు, బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

ఆ సందేశాల్లోని పార్థీ ముఠా అన్న పేరు కూడా చూడండి. పార్థీ అన్నది ముఠా పేరు కాదు, ఒక తెగ పేరు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కింద ఇలాంటి తెగలను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేశారు. మన ఎరుకలవాళ్లూ ఆ ముద్ర మోశారు. 1952లో చట్టం రద్దయినా వార్తల్లో ఆ వాడుక పోలేదు. కువైట్‌కూ మస్కట్‌కూ ఆడపిల్లల్ని పనికి పంపిన ఊళ్లు మనవి. పరాయిచోట మనవాళ్లనూ ఇలా తెగ పేరుతో, ఊరి పేరుతో దొంగలంటే ఊరుకుంటామా?

అపోహ: బయటి ముఠాలు ఉన్నాయి.

ఇది మాత్రం పూర్తిగా అపోహ కాదు. 2021 చివర్లో విజయవాడ, తాడేపల్లి పరిసరాల్లో చెడ్డీ గ్యాంగ్ తిరిగింది. సీసీ కెమెరాల్లో కనిపించింది. పోలీసులు గుజరాత్‌లోని దాహోద్ దాకా వెళ్లి కొందరిని పట్టుకున్నారు. ఒప్పుకోవాల్సిందే. కానీ వాళ్లు వచ్చింది తాళాలు వేసిన ఇళ్ల కోసం, నగల కోసం. పిల్లల కోసం కాదు.

ఇంకో పుకారు: పిల్లల్ని ఎత్తుకెళ్లి కిడ్నీలు కోసుకుపోతారట. రక్తం, కణజాలం సరిపోవాలి, ఆపరేషన్ థియేటర్, నిపుణులు కావాలి. ఇది గోనెసంచిలో జరిగే పని కాదు. వంతెనకు తల కావాలని పిల్లల్ని పట్టుకుపోతారన్నది మన ముత్తాతల నాటి మాట, దానికిక జవాబు అక్కర్లేదు.

ఇలాంటిదే మరో అంకె: ఆంధ్రప్రదేశ్‌లో 30 వేలమంది ఆడవాళ్లు మాయమయ్యారన్న మాట 2023లో మారుమోగింది. 2019 నుంచి 2021 వరకు మూడేళ్ల మొత్తంగా కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన అంకె దాదాపు అంతే. దేశమంతటికీ అది 13 లక్షలు దాటింది. అయితే అది ఫిర్యాదుల మొత్తం, తిరిగి ఇల్లు చేరినవాళ్లను తీసేయగా మిగిలింది కాదు. అలాగని తేలిగ్గా తీసుకోలేం. దొరకనివాళ్లు ఎందరు, వాళ్ల కోసం ఏం చేస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న. సగం అంకె పట్టుకుని వాదించుకుంటే ఆ ప్రశ్న వేసే మనిషే ఉండడు.

ఏటా డిసెంబరు చివర పోలీసులు వార్షిక నేర నివేదిక చదువుతారు. అక్కడ కూర్చునే విలేఖరులకు విన్నపం: శాతం చెబితే అసలు సంఖ్య అడగండి. కిడ్నాపు అంటే అందులో ఎందరు తామే వెళ్లారు, ఎందరు దొరికారు అడగండి. తగ్గిన అంకెనూ అలాగే నిలదీయండి. ఒక ఎఫ్ఐఆర్‌లో హత్య, కిడ్నాపు రెండూ ఉంటే జాతీయ నివేదిక పెద్ద నేరాన్నే లెక్కిస్తుంది, కాబట్టి చిన్న అంకెలో కూడా దాగినవి ఉంటాయి. 2016 నాటి సుప్రీంకోర్టు ఆదేశం వల్ల, సున్నితమైనవి తప్ప ఎఫ్ఐఆర్‌లన్నీ పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ స్టేషను పేరు కొట్టి చూడండి. సందేశంలో చెప్పిన కేసు నిజంగా ఉందో లేదో అక్కడే తేలుతుంది.

మిగతావాళ్లు చేయాల్సింది అంతకంటే తేలిక. వీధిలో అనుమానంగా ఎవరైనా కనిపిస్తే 112కి ఫోన్ చేయండి, పిల్లల విషయమైతే 1098కి. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెకు చెప్పండి. ఆ మనిషిని చెట్టుకు కట్టేయకండి, వీడియో తీయకండి. చట్టం దృష్టిలో బందిపోటు ముఠా కావడానికి అయిదుగురు చాలు. పుట్టిన చోటు, భాష, కులం వంటి కారణాలతో మనిషిని కొట్టి చంపిన గుంపుకు ఉరి లేదా యావజ్జీవం పడడానికీ ఆ అయిదుగురే చాలు.